మొగుడి చేతికిచ్చిన బెత్తం

ప్రాచీన చైనాలో స్త్రీలకు వేసిన శిక్షల గురించి ఎవరు రాసినా ఒకటే వరస. వేళ్ళ మధ్య కర్రలు పెట్టి నొక్కడం, ఒళ్ళు ముక్కలుగా కోసి చంపడం, చివర్లో 'అమ్మో, ఎంత క్రూరం' అని ఒక నిట్టూర్పు. ఈ జాబితాలంటే నాకు ఒళ్ళుమంట. అవన్నీ అబద్ధాలని కాదు. వాటిలో స్త్రీ శరీరం మళ్ళీ బజారున పడుతుంది. శిక్షించిన వ్యవస్థ మాత్రం చల్లగా తప్పుకుంటుంది.

ఇలాంటి రాతలకి అన్నిటికన్నా ఇష్టమైన కథ లూ మహారాణిది. హాన్ వంశపు తొలి చక్రవర్తి చనిపోయాక ఆమె తన సవతి కాళ్ళూ చేతులూ నరికించి మరుగుదొడ్డిలో పడేయించిందని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. దీన్ని పదేపదే ఎందుకు చెప్తారు? ఆడదానికి ఆడదే శత్రువు అనిపించుకోవడానికి. ఆ ఇద్దర్నీ సవతుల్ని చేసిందెవరు, ఎవరి కొడుకు గద్దెనెక్కితే వాళ్ళకే బతుకు అన్న పరిస్థితి కల్పించిందెవరు అని మాత్రం అడగరు.

సరే, రాణి కాని స్త్రీ సంగతేమిటి? ఆమెను శిక్షించిందెవరు? జవాబు కథల్లో లేదు, చట్టాల్లో ఉంది.

653లో వ్యాఖ్యానంతో సహా వెలువడిన తాంగ్ వంశపు శిక్షాస్మృతినే తీసుకోండి. భార్యను వెళ్ళగొట్టడానికి అది ఏడు కారణాలు గుర్తించింది. కొడుకు పుట్టకపోవడం, వ్యభిచారం, అత్తమామల్ని సేవించకపోవడం, ఎక్కువ మాట్లాడటం, దొంగతనం, అసూయ, మాయరోగం. నోరు విప్పినా తప్పే, జబ్బు చేసినా తప్పే! మగవాడు ఇంకో స్త్రీని ఇంటికి తెచ్చుకోవచ్చు. అది చూసి భార్య మనసు కష్టపెట్టుకుంటే దాని పేరు అసూయ. పుట్టిల్లు లేని స్త్రీని, మొగుడి పేదరికంలో తోడుండి సంపద దాకా వచ్చిన స్త్రీని పంపెయ్యకూడదన్న మినహాయింపులున్న మాట నిజమే. అయితే అదే చట్టంలో భార్య మొగుణ్ణి కొడితే ఏడాది వెట్టిచాకిరి శిక్ష. మొగుడు భార్యను గాయపరిస్తే మాత్రం, పరాయివాళ్ళను గాయపరిచినదానికన్నా రెండు మెట్లు తక్కువ శిక్ష. అనుమతి లేకుండా ఆమె ఇల్లు విడిచి వెళ్తే రెండేళ్ళు.

మగవాడి నేరానికి కూడా ఆమే మూల్యం చెల్లించాలి. రాజద్రోహం చేసినవాడి తల్లీ, భార్యా, కూతుళ్ళూ ప్రభుత్వ బానిసలు. తర్వాతి కాలంలో కవయిత్రిగా, రాజకీయవేత్తగా పేరు తెచ్చుకున్న షాంగ్‌గ్వాన్ వాన్-అర్ 664లో చంటిబిడ్డ. ఆ ఏడు తాతకు మరణశిక్ష పడితే, తల్లితోపాటు అంతఃపుర దాస్యంలోకి పోయింది.

మింగ్, చింగ్ వంశాల కాలానికి వస్తే ఈ చట్టం ఇంకా బిగుసుకుంది. కావాలని మొగుణ్ణి చంపిన భార్యను ముక్కలుగా కోసి చంపాలి. భార్యను చంపిన మొగుడికి ఉరి. ఎముక విరగకుండా, పెద్ద గాయం కాకుండా కొడితే అసలు నేరమే కాదు. వ్యభిచారం జరుగుతున్న చోటే పట్టుకుని అప్పటికప్పుడు ఇద్దర్నీ చంపేస్తే అతనికి శిక్ష లేదు. చంపకపోతే, కోర్టు ఆమెను కొట్టించి మొగుడికి అప్పగిస్తుంది. ఉంచుకుంటాడో, ఇంకొకడికి అమ్ముకుంటాడో అతనిష్టం. మిగతా నేరాలకి ఒంటి మీద ఒక బట్ట ఉండనిచ్చే చట్టం, వ్యభిచారానికి మాత్రం బట్టలు విప్పించి కొట్టమంది.

మరి బలాత్కారం? చేసినవాడికి ఉరే. కానీ చట్టానికి ఉన్న వివరణ చదవాలి. ఆమె విడిపించుకోలేకపోయిందని తేలాలి, ఎవరికో తెలిసి ఉండాలి, ఒంటి మీద గాయమో చిరిగిన బట్టో ఉండాలి. బలవంతంతో మొదలై ఆమె లొంగిపోతే అది బలాత్కారం కాదట! అప్పుడామె బాధితురాలు కాదు, వ్యభిచార నేరస్థురాలు.

'మగవాళ్ళకీ దారుణమైన శిక్షలుండేవి కదా' అంటారు కొందరు. ఉండేవి. మగవాణ్ణి శిక్షించింది రాజ్యం. భార్యను శిక్షించే పనిలో రాజ్యం మొగుడికి వాటా ఇచ్చింది. తేడా అక్కడుంది.

దీని వెనక ఆస్తి కూడా ఉంది. ముప్ఫయ్యేళ్ళు నిండకముందే మొగుణ్ణి పోగొట్టుకుని, యాభై దాటేదాకా మళ్ళీ పెళ్ళాడని వితంతువుకి మింగ్ రాజ్యం 1368లో గౌరవం ప్రకటించింది. గౌరవం ఆమె ఇంటి గుమ్మానికి, వెట్టి నుంచి మినహాయింపు ఆ కుటుంబానికి. మళ్ళీ పెళ్ళి చేసుకుందా, మొగుడి ఆస్తే కాదు, తను తెచ్చుకున్న కట్నం కూడా అత్తింటిదే. శీలానికి తోరణాలు కట్టినవాళ్ళు లెక్కలు తెలియనివాళ్ళేం కాదు.

'ఆ కాలం అంతే' అనే మాట ఇక చెల్లదు. కోసి చంపే శిక్ష 1905లో రద్దయింది. చక్రవర్తి 1912లో పోయాడు. అయినా చైనా గణతంత్రం 1928లో రాసుకున్న శిక్షాస్మృతిలో భార్య వ్యభిచారమే నేరం, భర్తది కాదు! 1934లో స్త్రీల సంఘాలు గట్టిగా పోరాడాకే, 1935 చట్టం ఇద్దర్నీ ఒకే గాటన కట్టింది. కాలం దానంతటదే మారలేదు, ఆడవాళ్ళు మార్చారు.

అందుకే నేనంటాను, వాళ్ళ గాయాల్ని నోరెళ్ళబెట్టి చూడటం మానేద్దాం. బెత్తం ఎవరి చేతిలో ఉందో, దాన్ని వాళ్ళ చేతికి ఎవరిచ్చారో చూద్దాం.