అల్లకల్లోలం అంటే ఎన్ని మీటర్లు?

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడగానే మా హాస్టల్ గ్రూపులో వచ్చే మొదటి మెసేజ్ "రేపు సెలవిస్తారా మామా?". రెండోది ఇంటర్నల్స్ వాయిదా పడతాయా అని. ఆ మెసేజ్‌లు నేనూ పెట్టాను కాబట్టి ఎవరికీ నీతులు చెప్పను. కాకపోతే సరిగ్గా అదే టైముకి నాకింకో ఫోన్ వస్తుంది. మా నాన్న. "ఒరే, రేపు ఎలగుంతాదంటన్నార్రా?" అని అడుగుతాడు. ఆయన అడిగేది వాన సంగతి కాదు, సముద్రం సంగతి.

విశాఖకి దక్షిణాన, పూడిమడక వైపు మాదో చిన్న ఊరు. నాన్నది ఇంజన్ పెట్టిన ఫైబర్ బోటు, ఐదుగురు వెళ్తారు. అర్ధరాత్రి దాటాక బయల్దేరి పొద్దెక్కాక తిరిగొస్తారు. హైదరాబాద్ వచ్చాక నాకు తెలిసిన ఒక విచిత్రం ఏంటంటే, మా ఊరి సముద్రం రేపు ఎలా ఉంటుందో లెక్కగట్టే సంస్థ ఇక్కడే, మా కాలేజీ నుంచి సిటీ బస్సులో వెళ్లేంత దూరంలో, ప్రగతి నగర్ దగ్గర ఉంది. పేరు ఇన్‌కాయిస్. 1999లో పెట్టారు. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే. హుస్సేన్ సాగర్ లాంటి చెరువులే తప్ప అసలు సాగరం లేని ఊళ్లో కూర్చుని వాళ్లు సముద్రాన్ని చూస్తున్నారు, నేనూ ఇక్కడే కూర్చుని మా నాన్నకి సముద్రం గురించి చెప్తున్నాను.

చెప్తున్నాను అన్నానే గానీ అసలు గొడవంతా అక్కడే ఉంది. ఇన్‌కాయిస్ సైటులో రాబోయే రోజులకి అల ఎత్తు ఎంత, ఏ దిక్కు నుంచి వస్తోంది, అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లు, ఎక్కడో పుట్టి ప్రయాణం చేసి వచ్చిన అల ఎంత, ఇక్కడి గాలికి లేచింది ఎంత, ప్రవాహం ఎటు, ఇవన్నీ విడివిడిగా ఉంటాయి. విశాఖ దగ్గర నీళ్లలో తేలుతూ అలల్ని కొలిచే బోయా కూడా ఉంది. మంచి పని, నిజంగానే మంచి పని. కానీ ఆ సమాచారం మా ఒడ్డుకి చేరేసరికి రెండు వాక్యాలు మిగులుతాయి. "సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు." నా అభ్యంతరం ఆ రెండు వాక్యాల మీదే.

ముందు అల్లకల్లోలం సంగతి చూద్దాం. వాతావరణ శాఖ వాళ్లు ఇంగ్లీషులో సముద్రాన్ని అల ఎత్తు బట్టి మెట్లుగా విడగొడతారు. ఒకటింపావు మీటరు నుంచి రెండున్నర దాకా 'మోడరేట్'. రెండున్నర నుంచి నాలుగు దాకా 'రఫ్'. నాలుగు నుంచి ఆరు 'వెరీ రఫ్'. ఆరు నుంచి తొమ్మిది 'హై'. ఆ పైన ఇంకో రెండు మెట్లున్నాయి. మన తెలుగు టీవీల్లో రఫ్ నుంచి పైదాకా అన్నిటికీ ఒకటే మాట, అల్లకల్లోలం. మరీ ఉత్సాహం వస్తే 'తీవ్ర అల్లకల్లోలం'. అల శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని మనం ఫిజిక్స్‌లో చదువుకున్నదే. అంటే 2.6 మీటర్ల అలకీ 5.8 మీటర్ల అలకీ శక్తిలో తేడా దాదాపు ఐదు రెట్లు. ఐదు రెట్ల తేడాని ఒకే మాటలో కలిపేసి పంపిస్తున్నాం. మెకానిక్స్ పేపర్లో ఇలా రాస్తే మా సారు సున్నా వేస్తారు.

అల ఎత్తు అన్న అంకె కూడా పైకి కనపడేంత అమాయకమైంది కాదు. బులెటిన్లో 2 మీటర్లు అని ఉంటే రేపొచ్చే పెద్ద అల 2 మీటర్లని కాదు. వచ్చే అలల్లో బాగా ఎత్తున్న మూడోవంతు తీసుకుని వాటి సగటు కడతారు, ఆ సగటు 2 మీటర్లు అని. ఇంగ్లీషులో 'సిగ్నిఫికెంట్ వేవ్ హైట్' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డున దింపడానికి సముద్రం అంచనా కట్టాల్సి వచ్చినప్పుడు స్వెర్‌డ్రప్, మంక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాడుకలోకి తెచ్చిన లెక్క ఇది. అనుభవమున్న మనిషి కంటికి అల ఎంత కనిపిస్తుందో ఇంచుమించు ఆ అంకెకి సరిపోతుంది, అందుకే పెట్టుకున్నారు. కానీ లెక్క ప్రకారం వెయ్యి అలలొస్తే వాటిలో ఒక్కటైనా దీనికి ఒకటిన్నర రెట్ల పైన, దాదాపు రెండింతల దాకా ఉంటుంది. ఆరు సెకన్లకొక అల అనుకుంటే వెయ్యి అలలంటే గంటా నలభై నిమిషాలు. అంటే 2 మీటర్ల సముద్రంలో మా నాన్న ఒక రాత్రి వేట చేస్తే మూడున్నర మీటర్ల అల రెండు మూడుసార్లు ఎదురుపడొచ్చు. నేనొకసారి ఈ పదబంధాన్ని ఫోన్‌లో తెలుగు చేయమంటే 'ముఖ్యమైన అల ఎత్తు' అని ఇచ్చింది. ఏ అల ముఖ్యమైంది, ఎవరికి ముఖ్యమైంది? అది నాన్నకి చదివి వినిపిస్తే "అయితే మిగతాయి ముఖ్యం కాదేటి?" అన్నాడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది మూడో అంకె. అలకీ అలకీ మధ్య ఉండే సెకన్లు.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన ఏప్రిల్. ఇంకో పది రోజుల్లో వేట నిషేధం మొదలు (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర, మోటారు బోట్లు కదలకూడదు), అందుకని అందరూ తొందరలో ఉన్నారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. గాలి లేదు. ఫోన్లకొచ్చిన మెసేజ్‌లో గాలి తక్కువ, అల ఎత్తు ఒకటింపావు మీటరు, హెచ్చరిక ఏమీ లేదు. మా చిన్నాన్న బోటు వేట ముగించుకుని తిరిగొస్తూ, సరిగ్గా ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే చోట బోల్తా కొట్టింది. మేం అందరం ఒడ్డునే ఉండి చూస్తున్నాం. చిన్నాన్న భుజం ఎముక విరిగింది, ఇంజన్ పోయింది, వల సగం పోయింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. చిన్నాన్న మళ్లీ బోటెక్కలేదు. ఇప్పుడు అచ్యుతాపురం వైపు ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ చేస్తున్నాడు.

ఆరోజు సాయంత్రం నాన్న ఒకటే మాట అన్నాడు. "ఎడం ఎక్కువుందిరా ఇయ్యాల."

ఎడం అంటే ఆయన లెక్కలో అలకీ అలకీ మధ్య దూరం. మా వాళ్లు బోటు నీళ్లలోకి తోసే ముందు కాసేపు ఊరికే నిలబడి సముద్రాన్ని చూస్తారు. కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటారు గానీ కెరటాల్ని లెక్కపెడుతుంటారు. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, తర్వాత కాస్త నెమ్మదిస్తుంది, ఆ నెమ్మదిలో బోటు దాటించాలి. నేను సెకండియర్లో ఒక ఎలక్టివ్ కోసం చదువుతుంటే అర్థమైంది, నాన్న అన్న ఎడమే బులెటిన్లో 'పీరియడ్'. ఆరు సెకన్ల అల ఇక్కడి గాలికి లేచింది. అదే పద్నాలుగు, పదిహేను సెకన్లయితే అది ఇక్కడిది కాదు. దక్షిణాన ఎక్కడో, అంటార్కిటికా చుట్టూ ఉండే సముద్రంలో వచ్చిన తుఫానుకి పుట్టి, రోజుకి వెయ్యి కిలోమీటర్ల లెక్కన ఐదారు రోజులు నడిచి మన దాకా వచ్చిన అల. అందుకే ఇక్కడ గాలుండదు, మబ్బుండదు. లోతు నీళ్లలో బోటు కింద నుంచి అది మెల్లగా జారిపోతే తెలియను కూడా తెలియదు. కానీ దాని పొడవు మూడొందల యాభై మీటర్ల దాకా ఉంటుంది. అంత పొడుగు అలకి నూట డెబ్భై మీటర్ల లోతు నుంచే అడుగు తగలడం మొదలవుతుంది. ఒడ్డుకొచ్చేకొద్దీ అది లేస్తుంది, ఆరు సెకన్ల అల లేచేదానికంటే చాలా ఎక్కువ లేస్తుంది. పైగా రెండు గుంపుల మధ్య నెమ్మది చాలాసేపు ఉంటుంది, ఇక ఏమీ లేదులే అని మనిషిని నమ్మిస్తుంది. చిన్నాన్న అలాగే నమ్మాడు. కేరళ వాళ్లు గాలీ వానా లేకుండా ఇలా ఉబికే సముద్రాన్ని 'కళ్లక్కడల్' అంటారు, దొంగ సముద్రం. ఇన్‌కాయిస్ వాళ్లు ఆ పేరునే తీసుకుని ఇంగ్లీషు బులెటిన్లలో కూడా వాడుతున్నారు.

ఆరోజు మాకొచ్చిన మెసేజ్‌లో ఎడం లేదు. ఎవరో పైనుంచి కిందకి పంపేటప్పుడు, ఈ సెకన్ల గొడవ జాలర్లకి ఏం అర్థమవుతుందిలే అని తీసేసి ఉంటారు. చదువుకోని వాళ్లకి సులువుగా చెప్పాలన్న మంచి ఉద్దేశంతోనే తీసేసి ఉండొచ్చు. కానీ ఆ మెసేజ్‌లో మా నాన్నకి బాగా అర్థమయ్యే అంకె ఏదైనా ఉండాల్సి ఉంటే అది ఆ సెకన్లే.

ఓడరేవుల నంబర్ల కథ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెప్తాను. "విశాఖ, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వస్తుంది కదా, అది చూసి పదిలో మూడంటే ముప్ఫై శాతం ప్రమాదం అనుకునేవాణ్ణి. నిజానికి ఒకటి నుంచి నాలుగు దాకా 'ప్రమాదం' అన్న మాటే లేదు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఏదో తయారవుతోంది, తయారైంది అని చెప్పేవి. మూడు, నాలుగు రేవు దగ్గర జాగ్రత్తలకి. ప్రమాదం మొదలయ్యేది ఐదు నుంచి. అప్పుడు కూడా ఐదు, ఆరు, ఏడు అంటే ఒకదాని కంటే ఒకటి పెద్ద తుఫాను అని కాదు, తుఫాను దారికి రేవు ఎడమవైపు ఉంటుందా, కుడివైపా, లేక రేవు మీదుగానే వెళ్తుందా అని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, ఇంకా తీవ్రమైన తుఫానుకి. పదకొండంటే కబురు తెగిపోయిందని. ఇంత తెలివైన సంకేతాన్ని పట్టుకుని అన్నిటికీ ముందు 'ప్రమాద హెచ్చరిక' తగిలించి స్క్రోలింగులో తిప్పేస్తున్నాం.

ఎదుటి వాదన నాకు తెలియక కాదు. మా రూమ్మేటే అన్నాడు, ప్రాణం మీదికొచ్చేటప్పుడు వెళ్లొద్దు అని ఒక్క ముక్క చెప్పాలి గానీ సెకన్లూ మీటర్లూ చెప్తూ కూర్చుంటారా అని. తుఫాను విషయంలో వాడు చెప్పింది వందశాతం నిజం. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి వేలమంది పోయినప్పుడు ఆ ఒక్క ముక్క గట్టిగా చెప్పి కదిలించేవాళ్లు లేకపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని అతలాకుతలం చేసినా మనుషులు చాలామటుకు దక్కారంటే ఆ ఒక్క ముక్క ముందే అందడం వల్లే. 2017లో ఓఖీ వచ్చేసరికి కేరళ, కన్యాకుమారి బోట్లు చాలా నడిసముద్రంలో ఉన్నాయి, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, ముక్క చేరనేలేదు. తర్వాత 2019లో ఉపగ్రహం ద్వారా బోటుకే కబురు పంపే 'జెమిని' అనే పరికరం తెచ్చారు. ఇదంతా కావాల్సిందే.

కానీ ఏడాదిలో తుఫాను రోజులెన్ని? మిగతా రోజుల్లో కూడా అదే ముక్క వాడితే ఏమవుతుందో నేను చూశాను. ఒకసారి ఐదు రోజులు వేటకి వెళ్లొద్దన్నారు, కోస్తా మొత్తానికీ కలిపి. మొదటి రెండు రోజులు మా దగ్గర సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. ఐదుగురి ఇళ్లలో ఐదు రోజులు పొయ్యి ఎలా వెలిగిందో బులెటిన్ రాసినవాళ్లకి తెలియదు, తెలియాలని నేననను. ఆ తర్వాత ఇంకోసారి వెళ్లొద్దన్నప్పుడు మా ఊళ్లో సగం బోట్లు వెళ్లాయి. "ఆళ్లు ఎప్పుడూ అలాగే అంతారు" అని. ఏ పూట బాగుంటుంది, ఏ పూట నుంచి చెడుతుంది, ఎందుకు చెడుతుంది అని చెప్పి ఉంటే సగంమంది ఆగేవాళ్లని నా నమ్మకం. కారణం చెప్పకుండా చేసిన ఆజ్ఞని మనం మాత్రం పాటిస్తామా, హాస్టల్ నోటీసు బోర్డే సాక్ష్యం.

ఇది కుదరని పని కూడా కాదు. 1990ల చివర్లో పుదుచ్చేరి దగ్గర వీరాంపట్టినంలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఒక సమాచార కేంద్రం పెట్టారు. అక్కడి వాలంటీర్లు అమెరికా నేవీ వెబ్‌సైట్ నుంచి అలల అంచనాలు దించుకుని, తమిళంలోకి మార్చి, ఊరంతా వినపడేలా మైకులో చెప్పేవాళ్లు. స్మార్ట్‌ఫోన్ అనేదే లేని రోజులవి. ఇప్పుడు అదే ఫౌండేషన్ యాప్ 'ఫిషర్ ఫ్రెండ్' తెలుగులోనూ ఉంది. చేపలు ఎక్కడ దొరకొచ్చో ఇన్‌కాయిస్ తెలుగులో చెప్తుంది. పైపు ఉంది, నీళ్లున్నాయి. మాటలే సరిగ్గా కుదరలేదు.

మన క్లబ్బులో మూడేళ్లుగా 'సాంకేతిక పదాలకి తెలుగు' అని సెషన్లు పెడుతున్నాం. కీబోర్డుకి మీటల పలక అనాలా వద్దా అని పోయిన సెమిస్టర్లో గంటన్నర కొట్టుకున్నాం (నేను వద్దనే బ్యాచ్). ఈ సెమిస్టర్ ఒక సెషన్ సముద్రానికి ఇవ్వండి అని అడుగుతున్నాను. కొత్త పదాలు పుట్టించొద్దు, ఉన్నవి ఏరుకుందాం. పీరియడ్‌కి 'ఎడం' నేను ఇస్తున్నాను. రఫ్‌కీ వెరీ రఫ్‌కీ వేర్వేరు మాటలు కావాలి. దూరం నుంచి నడిచొచ్చే అలకి ఒక మాట కావాలి. నాన్నని అడిగితే "దానికి పేరేటి, కెరటమే" అన్నాడు గానీ, కళింగపట్నం వాళ్లకో, ఉప్పాడ వాళ్లకో, చీరాల ఓడరేవు వాళ్లకో, కృష్ణపట్నం వాళ్లకో తప్పకుండా ఉండి ఉంటుంది. మీ ఇంట్లో గానీ, మీ అమ్మమ్మగారి ఊళ్లో గానీ వేటకి వెళ్లేవాళ్లుంటే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు అడగండి. ఏ ఊరి మాటో ఆ ఊరి పేరుతో రాసి మన గ్రూపులో పెట్టండి, లేదా బి బ్లాక్ మూడో అంతస్తులో నన్ను పట్టుకోండి. పది పన్నెండు మాటలు పోగైతే చాలు, వాటితో వారం రోజుల బులెటిన్లు తెలుగులో రాసి మా ఊరి గ్రూపులో పెట్టి చూస్తాను. ఎక్కడ తప్పు రాశానో చెప్పడానికి మా నాన్న ఉన్నాడు.