పట్టుపోగును గూర్చి మా మనవి

మన విద్యార్థులు రసాయనశాస్త్రమనగా సీసాలలోని ద్రావకములే యని తలంచుచున్నారు. సమీకరణమును తప్పులేకుండ వ్రాయు బాలుడు, తన తల్లి పట్టుచీరను సోడాతో నుతుకక కుంకుడురసముతో నేల యుతుకునో చెప్పజాలడు. ఇది బాలుని లోపము గాదు. బోధించు మా లోపము.

మన సాలూరు లారీలకు పేరుపొందిన యూరే గాని పట్టునకు గాదు. అయినను పట్టుచీర లేని పెండ్లి యెచ్చట గలదు?

పట్టుపురుగు రెండు సన్నని పోగులను వెడలించి వానిని జిగురుతో నంటించును. పోగు ఫైబ్రోయిన్ అను మాంసకృత్తు. జిగురు సెరిసిన్ అను వేఱొక మాంసకృత్తు. ముడిపట్టు తూకములో నించుమించు నాలుగవవంతు ఈ జిగురే. సబ్బునీట నుడికించినచో నది కరగిపోయి, పట్టు తేలికయై, మెత్తనై మెఱయును. మెఱుపు పోగుదే గాని జిగురుది కాదు. నల్లమద్ది యాకు తిను దసలిపురుగు జిగురు మఱింత మొండిది. వట్టి వేడినీటికి లొంగదు.

అయితే క్షారము మితిమీరినచో పోగే చెడును. తీవ్రమైన కాస్టిక్ సోడాలో వేడిచేసినచో పట్టు కరగును, పొందూరు ఖద్దరు నిలుచును. (ఈ ప్రయోగమును ఉపాధ్యాయుడే చేయవలెను, పిల్లలు దూరమునుండి చూడవలెను.) రంగంటుటయు పోగు పైభాగముననే గాక లోపలను జరుగు వ్యవహారమే. నీటికి కొంచెము పులుపు చేర్చినచో ఫైబ్రోయిన్‌లోని అమైనో సమూహములు ధనావేశమును పొంది, ఋణావేశముగల రంగును లాగికొనును. జిగురు తీయకయే రంగువేసి పిమ్మట నుడికించినచో జిగురుతో రంగును పోవును. పూర్వపు అద్దకపువారు ఆవేశముల మాట వినకయే యీ క్రమమును ఎఱుగుదురు.

కొన్ని యేండ్ల క్రిందట నూలుకు రంగువేయువారి బిడ్డ యొకడు మా తరగతిలో నుండెను. తండ్రి వృత్తి యేమని యడుగగా తలవంచుకొనెను. నీటి వేడిని, సోడా పాలును ఇంట ప్రతిదినము చూచు నా బాలుడు రసాయనశాస్త్రమున తప్పెను. ఆ మార్కులు వేసినవారము మేమే. రంగుతొట్టిని గూర్చి యొక్క ప్రశ్నయైన నడిగియుండిన నతడు నోరు విప్పెడివాడేమో!

పాఠ్యప్రణాళికకే సమయము చాలదని కొందఱందురు. తలిదండ్రులు మార్కులనే యడుగుదురని మఱికొందఱు. ఈ ప్రయోగమునకు పట్టునది రెండు గంటలు. తులము ముడిపట్టును, సబ్బుముక్కను, కాటాను మేము తెచ్చెదము. ముందటి తూకమును, ఆరినపిమ్మటి తూకమును పిల్లలే నల్లబల్లమీద వ్రాయుదురు. నేతయు అద్దకమును వృత్తిగా గల తలిదండ్రులారా, ఆనాడు మీరును వచ్చి, పొయ్యిమీది నీరు ఎంత కాగవలెనో పిల్లలకు చెప్పుడు.