లెక్కలోకి రాని చావులు

తమ్ముళ్లూ, మన మందుల పెట్టెలో ఉండే ఓఆర్ఎస్ ప్యాకెట్ వెనుక ఒక యుద్ధం ఉంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుండి దాదాపు కోటిమంది ప్రాణాలు అరచేత పట్టుకుని మన దేశానికి వచ్చారు. సరిహద్దున ఉన్న బొంగావ్ ఆసుపత్రిలో కలరా రోగులు వాంతులు, విరేచనాల మధ్య నేలమీదే పడి ఉన్నారు. సెలైన్ నిండుకుంది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజ్, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. కలరా సోకినా పేగు చక్కెరతోపాటు ఉప్పునూ, దాంతోపాటే నీటినీ లోపలికి పీల్చుకుంటుంది. కిటుకంతా అదే. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోతుంటే, ఆ నీళ్లు తాగినవారిలో అది నలుగురి లోపుకు దిగింది. ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది మాత్రం 2023లో, చనిపోయిన మరుసటి ఏడు!

మందు ఇంత చవకైతే తర్వాతి యుద్ధాల్లో జనం ఎందుకు చచ్చిపోయారు? యెమెన్ చూడండి. 2015లో అక్కడ యుద్ధం ముదిరింది. బాంబులకు నీటి పథకాలు దెబ్బతిన్నాయి. డీజిల్ లేక పంపులు ఆగాయి. 2016 చివరి నుండి చాలామంది ప్రభుత్వోద్యోగులకు జీతాలు లేవు. చెత్త, మురుగు ఎత్తేవారు లేక జనం చేతికందిన నీళ్లే తాగారు. 2017 ముగిసేసరికి కలరా అనుమానిత కేసులు 10 లక్షలు దాటాయి, 2,200 మందికి పైగా చనిపోయారు.

దీన్ని అంటువ్యాధి అని వదిలేయడం నాకు నచ్చదు. పంపుహౌస్‌ను కూల్చినవాడు, డీజిల్ ఆపినవాడు తుపాకీ పేల్చినవాడితో సమానమే. తాగునీటి ఏర్పాట్లను ధ్వంసం చేయరాదని 1977 జెనీవా ప్రోటోకాళ్లలో రాసుకున్నారు కూడా. రాసుకున్నారు, అంతే.

నేను చిన్నప్పుడు చదివిన ఒక హాస్టల్లో ట్యాంకు మూత పగిలితే నెలల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఓ వానాకాలం ఇరవైమందిమి విరేచనాలతో రెండ్రోజులు లేవలేకపోయాం. అయినా అందరం బతికాం. ఎందుకంటే నర్సమ్మ నడిచి రాగలిగింది, ఆసుపత్రి తెరిచి ఉంది, దారిలో ఎవరూ మమ్మల్ని ఆపలేదు. యెమెన్ పిల్లల్లో చాలామందికి ఈ మూడింటిలో ఒక్కటీ దక్కలేదు. యుద్ధంలో ఇంతమంది మరణించారని పేపర్లో చదివినప్పుడల్లా, అందులో ఈ పిల్లల్ని కలిపారా అని వెతుకుతాను. చాలాసార్లు కలపరు.