మృగశిర నుంచి దీపావళి దాకా

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జూన్ రెండో సోమవారం రాజుగారి పుట్టినరోజు సెలవు. ఆ వారాంతం దాటగానే అక్కడి కొండల్లో చాలా మట్టిబాటలకు గేట్లు వేసి తాళాలు బిగిస్తారు. అక్టోబరు చివరిదాకా వాటిని తీయరు. కొన్ని ఎత్తయిన దారులైతే ఇంకా ఆలస్యంగా తెరుచుకుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో పిల్లల్నీ, టెంటునూ, వంటసామాన్నీ ఎక్కించుకుని కొండల్లో నాలుగు రాత్రులు గడపాలనుకునే మెల్‌బోర్న్ కుటుంబం ఈ తేదీలు చూసుకున్నాకే సెలవు పెట్టుకోవాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళకూ ఇదే నియమం. మన పంచాంగంలో మృగశిర కార్తె ప్రవేశించేది కూడా జూన్ మొదటి వారం దాటాకే. దీపావళి వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల సంధిలోనే. అక్కడ ఆ నెలల్లో మంచు, చలివాన. ఇక్కడ నైరుతి రుతుపవనాలు, వాటి వెనకే తుపాన్లు. కారణాలు వేరైనా నెలలు ఒకటే. మన తూర్పు కనుమల్లోని మట్టిబాటలను కూడా మృగశిర నుంచి దీపావళి దాకా విహారానికి వచ్చే బండ్లకు మూసెయ్యాలి. ఆ దారుల మీద మమకారం ఉన్నవాళ్ళే ఈ మాట ముందుగా అనాలి.

ఈ చర్చకు ఇప్పుడే సమయం వచ్చింది. కొత్త మహీంద్రా థార్ 2020 అక్టోబరు 2న వచ్చింది. 2023 జూన్‌లో మారుతి జిమ్నీ, 2024 ఆగస్టులో ఐదు తలుపుల థార్ రాక్స్ దాని వెంట నడిచాయి. అంతకుముందు మన కొండల్లో జీపంటే అటవీశాఖ వాళ్ళదో, సంతరోజున ఏజెన్సీ జనాన్ని చేరవేసే డ్రైవరుదో. ఇప్పుడది హైదరాబాద్, విశాఖ అపార్టుమెంట్ల సెల్లారుల్లో కుటుంబ వాహనంగా నిలబడి ఉంటోంది. తారురోడ్డు అయిపోయిన చోట వెనక్కి తిరగాల్సిన పని లేదన్న ధైర్యం మధ్యతరగతి ఇంటికి వచ్చింది. ఇది మంచిదే. కాకపోతే ఆ ధైర్యానికి తగిన అవగాహన బండితో పాటు రాదు. 2023 నుంచి థార్‌లో వెనక చక్రాలకు మాత్రమే ఇంజను శక్తి అందే రకం కూడా అమ్ముతున్నారు. పైకి చూస్తే అదీ, ఫోర్ వీల్ డ్రైవ్ రకమూ ఒకేలా ఉంటాయి. కొండ వాలులో, బురదలో మాత్రం వాటికి పోలికే లేదు.

మట్టి సంగతి చూద్దాం, అసలు విషయం అందులోనే ఉంది. తూర్పు కనుమల్లో విస్తారంగా కనిపించే రాయి పేరు ఖొండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికా పేరు వచ్చింది. ఎండకూ వానకూ అది త్వరగా చివికి ఎర్రమట్టిగా మారుతుంది. మాఘమాసంలో ఆ మట్టి మీద ఒకటిన్నర టన్నుల బండి పోతే దుమ్ము లేస్తుంది, మహా అయితే చారలు పడతాయి. శ్రావణంలో నానిన మట్టి మీద అదే బండి పోతే గాడి పడుతుంది. గాడి పడ్డాక పాడుచేసేది బండి కాదు, వాన. కొండదారికి అక్కడక్కడా అడ్డంగా మట్టి మిట్టలు కట్టి, వాననీటిని పక్కనున్న వాలులోకి మళ్ళిస్తారు. విక్టోరియాలో అయినా మన మన్యంలో అయినా మట్టిబాట నిలబడేది ఈ మిట్టల వల్లే. చక్రం ఆ మిట్టను కోసేసిందంటే నీరు పక్కకు పోవడం మానేసి, గాడి వెంట దారి పొడవునా కిందికి పరుగు తీస్తుంది. తొలకరికి జానెడు ఉన్న గాడి వానలు వెనక్కి తగ్గేసరికి మోకాలి లోతు గండి కావచ్చు. తర్వాత వచ్చిన బండి ఆ గండిని తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డి మీదికి ఎక్కుతుంది. దాని వెనక వచ్చింది ఇంకా పక్కకు జరుగుతుంది. మారేడుమిల్లి దగ్గరి గుడిస లాంటి పచ్చికకొండకు ఇది మరీ గండం. చెట్ల అడ్డు లేదు కాబట్టి స్టీరింగు ఎటు తిప్పితే అటే దారి. టైర్లలో గాలి తగ్గిస్తే నేలకు ఆనే భాగం పెరుగుతుంది, చక్రం జారి తిరగడం తగ్గుతుంది, దారికి జరిగే నష్టమూ తగ్గుతుంది. అనుభవమున్న డ్రైవర్లు చెప్పే ఈ మాట నిజమే. పొడిదారిలో, ఇసుకలో ఈ ఉపాయం బాగా పనిచేస్తుంది. నిలువునా నానిపోయిన వాలు మీద మాత్రం ఎంత నేర్పు ఉన్న డ్రైవరు నడిపినా గాడి పడక మానదు.

ఇక పిల్లల క్షేమం. వానాకాలంలో కొండగెడ్డ పొంగాలంటే మన నెత్తిన వాన పడక్కర్లేదు. పై కొండ మీద కురిస్తే చాలు. పొద్దున చీలమండల లోతులో దాటిన గెడ్డ సాయంత్రానికి బానెట్ దాకా రావచ్చు. వానలు సెప్టెంబరుతో ఆగవు. హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, తిత్లీ శ్రీకాకుళాన్ని ముంచింది 2018 అక్టోబరు 11న. విక్టోరియాలో కొండలెక్కే కుటుంబాలు రెండు మూడు బండ్లుగా కలిసి వెళతాయి. ఒక బండి నుంచి మరో బండికి రేడియోలో మాట్లాడుకుంటారు, ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ వెంట ఉంచుకుంటారు. మన దగ్గర శాటిలైట్ ఫోను వాడాలంటే కేంద్ర టెలికాం శాఖ అనుమతి తప్పనిసరి. మన్యం లోపలి దారుల్లో మామూలు సెల్‌ఫోనుకు చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. కాబట్టి బండి బురదలో కూరుకుపోతే ఆదుకునేది దగ్గరి గూడెం మనుషులే. అది వాళ్ళు నాట్లలో తలమునకలై ఉండే కాలం. ఏజెన్సీలో మలేరియా జోరుగా ఉండే కాలమూ అదే. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదపోటు మీదున్నప్పుడు పాపికొండల విహారానికి వెళ్ళిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి, పదుల కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. వరద ఉన్న రోజుల్లో విహార పడవలు ఆపడం ఇప్పుడెవరికీ వింతగా లేదు. కొండదారి విషయంలోనూ అలాంటి దుర్దినం వచ్చాకే మేలుకోవాలా?

ఇంతవరకూ విక్టోరియా ఉదాహరణ మనకు సరిపోతుంది. ఇక్కడి నుంచి సరిపోదు. అక్కడ గేటుకు అవతల మైళ్ళ తరబడి ఊళ్ళుండవు. ఆ నేలకు అసలు యజమానులైన గునైకర్నై, టౌంగురంగ్ వంటి జాతులను వలస పాలన వెళ్ళగొట్టాక మిగిలిన నిర్జనం అది. మన కొండల్లో మనుషులున్నారు. మనం సరదాకి ఎక్కే మట్టిబాట ఒక గూడేనికి ఆసుపత్రి దారి, రేషను దారి, బడి దారి. నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ అంబులెన్సు అందే చోటుకు నడిచిన వార్తలు పత్రికల్లో ఏటా వానాకాలంలో చదువుతున్నాం. గిరిజన ఆవాసాలకు రోడ్లు వేయడానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం ‘అడవితల్లి బాట’ మొదలుపెట్టిందంటేనే ఆ అవసరం ఎంతటిదో అర్థమవుతుంది. ఆ రోడ్లు అందే దాకా ఉన్న బాటే వాళ్ళకు దిక్కు. శనాదివారాల్లో ఇరవై బండ్లు వచ్చి ఆ బాటను చిలికిపోతే, సోమవారం డోలీ మోసేవాళ్ళ పాదం జారేది ఆ గాడిలోనే. అడవి, నీరు, పచ్చిక మీద ప్రేమ ఒక్కటే కారణమైతే నేనింత పట్టుగా రాయకపోదును. అందుకే మన గేటు అక్కడి గేటులా అందరికీ తాళం వేసేది కాకూడదు. ఊరివాళ్ళకూ, వాళ్ళ జీపులకూ, 108కూ, టీచరమ్మకూ, రేషను బండికీ అది ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఆగాల్సింది విహారానికి వచ్చిన బండి.

‘రోడ్డు ప్రజలది, పన్ను కడుతున్నాం, మమ్మల్ని ఆపే హక్కు ఎవరికుంది’ అని కొందరు అడుగుతారు. న్యాయంగా వినదగ్గ ప్రశ్నే. జవాబు మన సముద్రం ఒడ్డునే ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో మోటారు పడవలతో చేపల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలమది. మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంటుంది. సముద్రం కూడా ప్రజలదే. వేట మత్స్యకారుడికి సరదా కాదు, కూడు. ఆ పూట గంజి మానుకుని అతను పడవను ఒడ్డుకు లాగుతున్నప్పుడు, ఏడాదికి రెండుసార్లు ఉల్లాసం కోసం కొండకు వెళ్ళే మనం కొన్ని నెలలు ఆగలేమంటే ఆ వాదనలో పస ఎక్కడుంది? జూలై నుంచి మూడు నెలలు అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో సఫారీలు ఆపుతారు. నల్లమలలోని సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి జాతర జరిగే కొద్ది రోజులే దారి తెరుస్తారు. భక్తులు ఆ రోజుల కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు, దానివల్ల భక్తి తరిగిపోలేదు.

జీవనోపాధి గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది. మారేడుమిల్లిలో, పాడేరులో పర్యాటకుల మీద బతికే జీపు డ్రైవర్లున్నారు, వెదురుబొంగు చికెన్ కాల్చి అమ్మేవాళ్ళున్నారు, ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ పొట్ట కొట్టే నియమం ఎంత పచ్చగా కనిపించినా తప్పే. అయితే లంబసింగి చలి, వంజంగి మేఘాలు చూడటానికి జనం పోటెత్తేది నవంబరు నుంచి జనవరి దాకా. వానాకాలంలో వచ్చేవాళ్ళు చూసే జలపాతాల్లో చాలావాటికి తారురోడ్డు మీద దగ్గరిదాకా వెళ్ళొచ్చు. ఆ రోడ్లు, ఆ ఊళ్ళు, ఆ హోటళ్ళు మూయమని ఎవరూ అనడం లేదు. మూయాల్సింది తారు ఆగిపోయాక మొదలయ్యే బాటలు మాత్రమే. అయినా కొందరికి నష్టం మిగులుతుంది. వేట నిషేధ కాలంలో మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. అదే పద్ధతి ఇక్కడా పాటించవచ్చు. తెరిచిన నెలల్లో బయటి బండికి రుసుము పెట్టి, ఆ సొమ్ముతోనే దీపావళికి ముందు మిట్టలు కట్టి, గాడులు పూడ్చే పని ఆ ఊరివాళ్ళకే కూలి ఇచ్చి చేయించాలి. దారి బాగుంటే వాళ్ళ జీపుల టైర్లూ ఎక్కువకాలం వస్తాయి. ‘క్వారీ లారీలు చేసే ధ్వంసం ముందు మా చిన్న బండ్లెంత’ అనేవాళ్ళూ ఉన్నారు. లారీలు చేసేది ఎక్కువే, వాటినీ వానాకాలంలో మట్టిబాట ఎక్కనివ్వకూడదు. అంతమాత్రాన మనం చేసేది మాఫీ అయిపోదు.

గేటు పెడితే కాపలా ఎవరు? ఇది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ప్రశ్న. పాడేరులోనో రాజమండ్రిలోనో కూర్చున్న అధికారి చేతిలో తాళంచెవి పెడితే, సిఫారసు ఉన్నవాడికి గేటు తెరుచుకుంటుంది, లేనివాడికి మూసుకుంటుంది. మన ఈ కొండలు అయిదో షెడ్యూలు ప్రాంతాలు. 1996 పెసా చట్టం గ్రామసభకు తన వనరుల మీద అధికారం గుర్తించింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవినీ, వన్యప్రాణులనూ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. గిరిజనుల భూమి బయటివాళ్ళ చేతికి పోకుండా 1/70 చట్టం ఉండనే ఉంది. కాబట్టి తాళంచెవి గ్రామసభ దగ్గరుండాలి, రుసుము దాని ఖాతాలో పడాలి, వాన ముందే వెనక్కి తగ్గిన ఏడాది గేటు పది రోజులు ముందు తీయాలా అన్నది అదే తేల్చాలి. మన ఆఫ్‌రోడ్ క్లబ్బులకూ ఇందులో పాత్ర ఉంది. విక్టోరియాలో ఫోర్ వీల్ డ్రైవ్ క్లబ్బుల సభ్యులు రంపాలు పట్టుకుని దారికి అడ్డంగా పడ్డ చెట్లు తొలగిస్తారు, పాత గుడిసెలు బాగుచేయడంలో పార్కుల శాఖకు తోడు నిలుస్తారు. దారులు తెరిచి ఉండాలని వాళ్ళు గట్టిగా అడగగలుగుతున్నారంటే ఆ చెమట బలంతోనే. హైదరాబాద్, విశాఖ క్లబ్బులు ఏడాదికొక్క వారాంతం పారా పలుగూ పట్టినా సరే, గూడెం పెద్దలతో మాట్లాడే అర్హత వాటికి దక్కుతుంది.

ఇంత గొడవెందుకు, కొండల్లోకి సొంత బండ్లు పూర్తిగా ఆపేస్తే పోలేదా అని అడవిని ప్రేమించేవాళ్ళు కొందరంటారు. నేను ఒప్పుకోను. నీళ్ళు మోసుకొస్తే తప్ప అన్నం ఉడకదని, చీకటి పడితే నిజంగా చీకటేనని, పక్కనున్న చెట్టుకు ఒక పేరుందని మన పట్నం పిల్లలకు తెలిసే చోట్లు ఎన్ని మిగిలాయి? కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకున్న జాతి మనది. వానలు తగ్గి, నేల గట్టిపడి, అడవి ఇంకా పచ్చగా ఉన్న సమయాన్ని మన పెద్దలు అందుకు ఎంచుకున్నారు. ఇంటిల్లిపాదీ కొండ మీద టెంటు వేసుకునే సరైన కాలమూ అదే. అక్కడ పాటించాల్సినవి కష్టమైనవేమీ కావు. విక్టోరియాలో కట్టిన పొయ్యి లేని చోట నిప్పు రాజేయాలంటే కనీసం 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వాలి, చుట్టూ మూడు మీటర్ల మేర ఎండుటాకు లేకుండా ఊడ్చాలి, వెళ్ళేముందు మట్టి కప్పడం కాదు, నీళ్ళు పోసి ఆర్పాలి. మలవిసర్జనకు నీటి నుంచి వంద మీటర్లు దూరం పోయి, 15 సెంటీమీటర్ల లోతున పూడ్చాలి. గుడిస లాంటి పచ్చిక మీదైతే నిప్పే వద్దు, ఇంటి దగ్గర కట్టుకున్న పులిహోర చాలు. 

వచ్చే మృగశిరకు ముందే గుడిస బాట మొదట్లో ఒకటి, వంజంగి బాట మొదట్లో ఒకటి, రెండు గేట్లు నిలబెట్టి చూడాలి. గేటు పక్కన బోర్డు మీద మూసే తేదీ, తెరిచే తేదీ, రుసుము, ఆ ఏడాది దారి పనికి ఎంత ఖర్చయిందీ తెలుగులోనూ, ఆ గూడెం మాట్లాడే భాషలోనూ రాసి పెట్టాలి. ఒక వానాకాలం దాటాక ఆ రెండు దారుల్నీ పక్కన మూయని దారితో పోల్చి కొలిస్తే, మిగతా కొండల సంగతి గ్రామసభలే తేల్చుకుంటాయి.