బుధవారం బట్టలు

పెళ్లి పట్టుచీర కొనడానికి వెళ్లిన కుటుంబాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఇంటిల్లిపాదీ పరుపుల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. ఒక్కో చీరా విప్పించి, పెళ్లికూతురి భుజాన వేయించి, కొట్లో లైట్లను నమ్మక గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో రంగు చూస్తారు. పెద్దమ్మ కొంగు తిరగేసి జరీ పోగులు ఎలా ఉన్నాయో చూస్తుంది. పిన్ని అంచు నలిపి వదులుతుంది. ఎవరో ఒకరు సిల్క్ మార్క్ ఉందా అని అడుగుతారు. పూటంతా పట్టినా ఎవరూ విసుక్కోరు.

అదే కుటుంబం మెట్లు దిగి వెళ్లిపోతూ కింది అంతస్తులో ఆగుతుంది. ‘రెండు కొంటే రెండు ఉచితం’ బోర్డు కింద టీషర్టులు, కుర్తీలు, ట్రాక్ ప్యాంట్లు రాశి పోసి ఉంటాయి. అబ్బాయికి నాలుగు, అమ్మాయికి నాలుగు, నాన్నగారికి రెండు. పది నిమిషాల్లో బుట్ట నిండుతుంది. చూసేవి రెండే: సైజు, రేటు. పైన అంచు నలిపి చూసిన పిన్నే ఇక్కడ ‘ఇంట్లోకే కదా, ఏదైతేనేం’ అంటుంది.

ఆ పట్టుచీర ఏడాదికి రెండు మూడుసార్లు బీరువాలోంచి బయటికొస్తుంది. ఆ టీషర్టు వారానికి రెండుసార్లు ఒంటి మీదికొస్తుంది. మన జీవితం ఎక్కువగా గడిచేది పెళ్లిపందిళ్లలో కాదు, బుధవారాల్లో. ఆఫీసుకీ, బజారుకీ, పిల్లల స్కూలుకీ, సాయంత్రం నడకకీ వేసుకునేవే మన అసలు బట్టలు. వాడకమంతా వీటిది, శ్రద్ధంతా పట్టుది. ఈ లెక్క తిరగబడాలన్నదే నా వాదన. పట్టుకు చూపే శ్రద్ధలో సగం రోజువారీ బట్టలకు చూపిస్తే, ఎవరూ చెప్పకుండానే బీరువా సగానికి తగ్గుతుంది. శ్రద్ధగా చూసేవాడు ఎక్కువ కొనలేడు మరి. పది చొక్కాలు పరీక్షిస్తే తొమ్మిది తిరిగి స్టాండుకే వెళతాయి.

తక్కువ బట్టలతో బతకడమన్న ఆలోచనకు పడమటి దేశాల్లో యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1970ల్లో లండన్‌లో దుకాణం నడిపిన సూజీ ఫో ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ అన్న మాటను వ్యాప్తిలోకి తెచ్చింది. ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి మంచి బట్టలుంటే చాలన్నది ఆమె సలహా. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కారన్ ఏడు దుస్తుల సెట్‌తో దాన్ని పెద్ద ఫ్యాషన్ చేసింది. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ముప్ఫై బట్టలే ఉంచుకోండి, అవీ తెలుపు, నలుపు, లేత గోధుమ రంగుల్లోనే ఉంచుకోండి అని హితబోధలు. వాటిని ఉన్నదున్నట్టు దించుకుంటే మనకు నప్పదు. లండన్‌లో ఒకే చొక్కా రెండు రోజులు వేసుకోవచ్చు. మే నెల విజయవాడలో, రామగుండంలో పొద్దున వేసుకున్న చొక్కా మధ్యాహ్నానికే పిండుకునేలా ఉంటుంది. శ్రావణంలో ముసురు పట్టిందంటే ఉతికిన ప్యాంటు రెండు రోజులైనా ఆరదు. ఎన్ని బట్టలుండాలో తేల్చేది ఏ సిద్ధాంతమూ కాదు, మీ పెరట్లోనో బాల్కనీలోనో ఉన్న దండెం. ఒంటి మీద ఒకటి, దండెం మీద ఒకటి, ఇస్త్రీలో ఒకటి, బీరువాలో రెండు మూడు. ఐదారు చొక్కాలు, మూడు నాలుగు ప్యాంట్లు, ఇంట్లోకి నాలుగు టీషర్టులు ఉంటే చాలామందికి ఏ వానాకాలమైనా గడిచిపోతుంది. ఆడవాళ్ల కుర్తీలకూ ఇదే లెక్క. రంగుల మాటంటారా, మనకు ముదురు ఎరుపూ పసుపుపచ్చా వదులుకోవాల్సినంత కష్టమేం రాలేదు. ఈ లెక్క దాటి కొన్నది ఏదైనా సరే, కొన్న రోజు సంతోషానికే.

మరి మంచిదని ఎలా తెలుసుకోవాలి? బెండకాయ కొనేటప్పుడు కొస విరిచి చూస్తాం. బట్టల్లో ఆ పనికి సాటి వచ్చేది తిరగేసి చూడటం. ఏ టైలర్ మాస్టర్ దగ్గరికైనా రెడీమేడ్ చొక్కా ఆల్టరేషన్‌కు తీసుకెళ్లండి, మొదట చేసే పని దాన్ని తిరగెయ్యడం. బట్ట ముఖం మనకోసం తయారవుతుంది, దాని నిజం లోపలి వైపు ఉంటుంది. పక్క కుట్టు చూడండి. మంచి చొక్కాలో గుడ్డ అంచును లోపలికి మడిచి రెండు వరసలు కుడతారు, పచ్చి అంచు ఎక్కడా కనపడదు. చవక చొక్కాలో ఒట్టి ఓవర్‌లాక్ కొట్టి వదిలేస్తారు, దారప్పోగులు అప్పటికే వేలాడుతుంటాయి. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. పద్నాలుగు, పదహారు ఉంటే ఎవరో నెమ్మదిగా కుట్టారన్నమాట. ఎనిమిదో తొమ్మిదో ఉంటే మిషన్ పరుగు తీసింది. గళ్ల చొక్కా అయితే జేబు మీది గళ్లు, ఒంటి మీది గళ్లు కలిశాయా లేదా చూడండి. కలపాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది, కత్తిరించేవాడికి ఓపిక కావాలి. కలిపినవాడు మిగతాచోట్ల కూడా కక్కుర్తి పడి ఉండడు. కాజాల్లోంచి దారం ఊడుతోందా, కాలర్‌ను వేళ్ల మధ్య మడిస్తే రెండు పొరలూ ఒకటిగా మడతపడుతున్నాయా, చూడండి. లోపల అతికించిన బకరం నాసిరకమైతే నాలుగు ఉతుకులకు కాలర్ మీద బుడగలు లేస్తాయి. ప్యాంటు నడుము వెనక కుట్టులో అంగుళం గుడ్డ వదిలారా? వదిలితే మీరు కాస్త ఒళ్లు చేసినా ఆ ప్యాంటు మీతో ఉంటుంది.

టీషర్టుకు వేరే పరీక్షలు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేదే జీఎస్ఎం. 140 అంటే పల్చన, లోపల బనియను అంచులు కనపడతాయి. 160 నుంచి 180 మన ఎండలకు సరిపోయే గట్టిదనం. 220 దాటితే బాగా మన్నుతుంది కానీ వేసవిలో ఒంటి మీద ఉంచుకోవడం కష్టం. బరువొక్కటే చాలదు. పొట్టి పోగులు దువ్వి తీసేసిన ‘కోంబ్డ్’ నూలుతో అల్లినదైతే ఉండలు కట్టడం తక్కువ. మెడ పట్టీని లాగి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. భుజం కుట్టు లోపల సన్నటి టేపు ఉంటే భుజాలు సాగవు. అన్నిటికన్నా ముఖ్యం, షర్టును బల్ల మీద పరిచి పక్క కుట్లు నిలువుగా దిగుతున్నాయో లేదో చూడటం. కొట్లోనే మెలి తిరిగి ఉంటే, రెండు ఉతుకుల తరవాత ఆ కుట్టు పొట్ట మీదికి వస్తుంది.

జీన్స్ విషయంలో ఒక టైలర్ చరిత్రే పాఠం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రీనో పట్నంలో జేకబ్ డేవిస్ అనే టైలర్ ఉండేవాడు. కష్టజీవుల ప్యాంట్లు ఎప్పుడూ జేబుల మూలల దగ్గరే చిరుగుతున్నాయని గమనించి, అక్కడ రాగి రివెట్లు కొట్టాడు. తనకు గుడ్డ సరఫరా చేసే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంట్ తీసుకున్నాడు. బట్ట ఎక్కడ చిరుగుతుందో ముందే ఆలోచించినవాడు కుట్టిందే మంచి బట్ట. ఈ నిర్వచనం జీన్స్‌కే కాదు, లుంగీకైనా వర్తిస్తుంది.

ఇక అసలు సంగతి నూలు. నూలు గుడ్డ గాలిలోని తేమను తన బరువులో ఎనిమిది శాతం దాకా పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. మన ఎండల్లో చెమటకు ఈ తేడా ఏమిటో ఒంటికే తెలుస్తుంది. వ్యాయామానికి వేసుకునే పల్చటి పాలిస్టర్ సంగతి వేరు, అది త్వరగా ఆరాలని తయారైంది. పేచీ అంతా ‘కాటన్ ఫీల్’ అని పెద్ద అక్షరాల్లో రాసి, లోపలి పట్టీ మీద చిన్న అక్షరాల్లో పాలిస్టర్ అరవై శాతం అని చెప్పే సరుకుతోనే. ఆ పట్టీ చదవడానికి అర నిమిషం చాలు. అనుమానముంటే, కొన్నాక లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. నూలు బట్టకు రెండో జన్మ కూడా ఉంది. మెత్తబడ్డ నూలు చీర పసిపిల్లల పొత్తిగుడ్డవుతుంది, బొంతలో పొర అవుతుంది, ఆఖరికి వంటింట్లో మసిగుడ్డవుతుంది. నీళ్లు పీల్చని పాలిస్టర్ కుర్తీ మసిగుడ్డగా కూడా పనికిరాదు. స్టీలు సామాన్లవాడి బేరంలోకి పోవాల్సిందే.

మనకు ఇంకో దారి ఉంది. అది పడమటివాళ్ల వీడియోల్లో దొరకదు. మీటరు బట్ట కొనుక్కుని కుట్టించుకోవడం. మంగళగిరి నూలు గుడ్డ, పోచంపల్లి ఇక్కత్ తానుల్లోంచి మీటర్ల లెక్కన ఇప్పటికీ కోసిస్తున్నారు. ఇక్కత్‌ను కూడా తిరగేసే చూడాలి. పోగులకు ముందే ముడులు కట్టి రంగులద్ది తరవాత నేస్తారు కనక అసలు ఇక్కత్‌కు రెండు వైపులా ఒకే ముఖం. వెనకవైపు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన నకలు. తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్ది చూస్తే రంగు నిలుస్తుందో లేదో తెలుస్తుంది. నూలు నంబరు అడగడం నేర్చుకోవాలి. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్నొస్తే అది అన్నో నంబరు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. నలభై నంబరు గట్టిగా రోజువారీకి ఆగుతుంది. ఎనభై మెత్తగా, ఎండాకాలానికి హాయిగా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, వంద నంబరు దాకా పోయే నూలు చేత్తో వడికే పని ఇంకా బతికుంది. దాంతో రోజూ వేసుకునే చొక్కాలు కుట్టించుకోమనడం లేదు, అది ధరలో పట్టుతో పోటీ పడుతుంది. కానీ పోగు నాణ్యతను వేలి కొసలతో చెప్పగలిగిన మనుషులు పుట్టిన నేల ఇది. మూడు తరాల్లో ఆ వేళ్లకు స్క్రీన్ జరపడం తప్ప గుడ్డ తడమడం రాకుండా పోయింది.

ఇబ్బందులు లేకపోలేదు. కుట్టుకూలి రెడీమేడ్ చొక్కా ధరను దాటేస్తోంది, మంచి టైలర్లు తగ్గిపోతున్నారు, ఇస్తానన్న రోజుకు ఇచ్చే టైలర్ ఏ కాలంలోనూ లేడు. అయినా మీ కొలతకు కుట్టిన చొక్కాను మీరు మధ్యలో వదిలెయ్యరు. ఒంటికి సరిపోని బట్టే బీరువా అడుక్కి చేరుతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్లకు చెప్పే నీతి అనొచ్చు. నెలాఖరుకు చేతిలో మూడొందలు మిగిలిన మనిషి సంతలో నూటయాభై చొక్కా కొంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నేను మాట్లాడుతున్నది ఆషాఢంలో తగ్గింపనీ, దసరాకు పండగనీ, సంక్రాంతికి ఆనవాయితీ అనీ, మధ్యమధ్యలో ఫోన్‌లో ఆఫర్ అనీ ఏడాది పొడుగునా కొనేవారితో. వాళ్లు పెట్టే మొత్తం చిన్నదేం కాదు, ముక్కలు ముక్కలుగా పోతోంది కనక కంటికి ఆనదు. ఆషాఢం తగ్గింపుల పుట్టుకే చూడండి. ముహూర్తాల్లేని నెల, కొట్లు ఖాళీ, సరుకు కదలాలి. అవసరం కొట్టుది, కొనేది మనం. అలాగని ఖరీదైనదల్లా మంచిదనీ కాదు. గుండె మీది చిన్న బొమ్మకే సగం ధర కట్టే చొక్కాలున్నాయి. వాటినీ తిరగేసే చూడాలి.

ప్రభుత్వం మాత్రం ఈ విషయంలో చవక పక్షమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన జీఎస్టీ ప్రకారం ఒక్కోటి 2,500 రూపాయల దాకా ఉన్న దుస్తుల మీద పన్ను 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు ఆ గీత వెయ్యి రూపాయల దగ్గరే ఉండేది, పైకి జరిపారు, సంతోషం. కానీ దాటినవాడి మీద భారం 12 నుంచి 18కి పెరిగింది. 2,400 రూపాయల ప్యాంటు పన్నుతో 2,520 అవుతుంది. 2,600 ప్యాంటు 3,068 అవుతుంది. సరుకులో తేడా 200, జేబులో తేడా 548. తొమ్మిదేసి వందల ప్యాంట్లు మూడు కొని మూడింటినీ ఏడాదిలో పారేసేవాడికి 5 శాతమే. గట్టిది ఒకటి కొని ఐదేళ్లు తొడిగేవాడు విలాసపురుషుడి లెక్కలోకొస్తాడు. పెళ్లి సూటుకూ పనిప్యాంటుకూ ఒకే గీత గీస్తే ఇలాగే ఉంటుంది.

పన్ను మన చేతిలో లేదు, ప్రశ్న ఉంది. ఫ్రిజ్ కొంటే ఎన్ని నక్షత్రాలో తలుపు మీదే కనపడుతుంది. వెయ్యి రూపాయల టీషర్టు మీద జీఎస్ఎం ఎంతో, ఉతికితే ఎంత కుంచించుకుపోతుందో చాలా కంపెనీలు రాయవు. రాయాలని చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి కొట్టుకెళ్లినప్పుడు కౌంటర్‌లో అడగండి: నూలు శాతం ఎంత, జీఎస్ఎం ఎంత, రంగు దిగితే వెనక్కి తీసుకుంటారా? తెలీదంటారు. తెలీదంటే కొనకుండా వచ్చేయండి. వరసగా పదిమంది గిరాకీలు ఇదే మాట అడిగి ఉత్తచేతులతో వెనక్కి తిరిగితే, పదకొండో మనిషికి సేల్స్‌మన్ దగ్గర జవాబుంటుంది.