తొలి రోజులు ఊరివే
తుఫాను హెచ్చరికల్లో మనం చాలా దూరం వచ్చాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని బలితీసుకుంది; 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖనే తాకినా, తీరంలోని జనాన్ని ముందే తరలించడంతో అంత ప్రాణనష్టం జరగలేదు. అయితే ప్రాణం దక్కాక, సాయం అందేదాకా తొలి నాలుగు రోజులు బతికేదెలా అన్న ప్రశ్నకు మాత్రం మన దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, పాలకూ పెట్రోలుకూ జనం బారులు తీరారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో నీళ్ల మధ్య చిక్కుకున్నవారికి డ్రోన్లతో ఆహారం పంపాల్సి వచ్చింది. అందుకే ప్రతి పంచాయతీ, ప్రతి వార్డు తన బలాన్ని తానే లెక్కగట్టుకోవాలి: కరెంటు లేకున్నా నీళ్లిచ్చే చేతిపంపులెన్ని, పనిచేసే జనరేటర్ ఎవరి దగ్గరుంది, పడవలెన్ని, మంచం దిగలేని వృద్ధులూ నెలలు నిండిన గర్భిణులూ ఏ వీధిలో ఉన్నారు. ఇదంతా ప్రభుత్వం పని కదా అంటారు. పెద్ద సాయం అక్కడినుంచే రావాలి, దాన్ని గట్టిగా అడగాల్సిందే. కానీ రోడ్డు తెగితే ఆ సాయం చేరేదాకా ఆదుకునేది పక్కింటివారే. డబ్బు లేదన్న మాటా నిలవదు. ఈ లెక్కకు కావలసింది ఒక నోటుపుస్తకం, ఇంటింటా తిరిగే ఓపిక. డ్వాక్రా సంఘాల మహిళలకు ఆ రెండూ ఉన్నాయి. తుఫానుల కాలమైన అక్టోబరు రాకముందే మీ గ్రామసభలో ఈ లెక్క అడగండి.