గోలీ ఎట్ల మింగాలో తెలుగులో చెప్పే చదువేది?

పరకాల అంగడికి వచ్చిన ముసలవ్వ మందుల దుకాణం ముందు నిలబడి అడిగేది ఒక్కటే మాట: "బిడ్డా, గీ గోలీ బువ్వకు ముందు ఏసుకోవాల్నా, తిన్నంక ఏసుకోవాల్నా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఫార్మసిస్టు. డాక్టర్ చీటీ మీద మందు ఇచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని 1948 నాటి ఫార్మసీ చట్టం అంటున్నది. రోగితో మాట్లాడి మందు వాడే తీరు వివరించుడు అతని బాధ్యతేనని 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు అంటున్నయి. మరి నాలుగేండ్లు బీఫార్మసీ చదివిన మన పిల్లలకు ఆ జవాబు మన భాషలో చెప్పుడు ఎవరు నేర్పిన్రు? ఎవరూ నేర్పలేదు. సిలబస్‌లోనే లేదు.

ముందు ప్రవేశాల సంగతి చూద్దాం. ఇంటర్‌లో ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా బీఫార్మసీకి అర్హులే. ఎప్‌సెట్ రాయాలె. 160 ప్రశ్నలు, మూడు గంటలు. మెడికల్ సీట్లు 2017 నుంచి నీట్‌కు పోయినయి. అప్పటి నుంచి బైపీసీ చదివిన పేదింటి పిల్లలకు ఎంసెట్‌లో మిగిలిన పెద్ద దారులు అగ్రికల్చర్, ఫార్మసీ. 2024లో పేరు మారి ఎప్‌సెట్ అయింది. ఆ పేరులో ఫార్మసీకి ఒక అక్షరమైతే దక్కింది గాని మర్యాద దక్కలేదు. ఇంజినీరింగ్ పిల్లలు క్లాసుల్లో కూసున్నంక గాని ఫార్మసీ కౌన్సెలింగ్ మొదలు కాదు. 2024లో బైపీసీ పిల్లలు మే నెలలో పరీక్ష రాస్తే, కౌన్సెలింగ్ అక్టోబర్‌లో పెట్టిన్రు. ఈ ఐదు నెలలు ఊర్లో ఖాళీగా ఎదురుచూడలేక ఎంతమంది డిగ్రీలో చేరిపోయిన్రో లెక్క తీసినోళ్లున్నరా?

ఇంకో ముచ్చట గమనించాలె. ఎప్‌సెట్ ప్రశ్నపత్రంలో ఇంగ్లిష్ పక్కన తెలుగు ఉంటది. తెలుగు మీడియం పిల్ల దాన్ని చదివి ర్యాంకు తెచ్చుకుంటది. గేటు దాటినంక ఆ తెలుగు మాయమైతది. గడప దాకా చెయ్యి పట్టుకొని తెచ్చి లోపల విడిచిపెట్టినట్టు!

ఇగ సిలబస్. దేశమంతటికీ ఒకే సిలబస్‌ను ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఖరారు చేసింది. ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లో ఎంపీసీ వాళ్లకు జీవశాస్త్రం, బైపీసీ వాళ్లకు గణితం అదనంగా చెప్తరు. అది మంచి ఏర్పాటే. లెక్కల్లో, జీవశాస్త్రంలో ఉన్న లోటును గుర్తించినోళ్లు భాషలో ఉన్న లోటును ఎందుకు గుర్తించలేదు? అదే సెమిస్టర్‌లో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అని ఒక సబ్జెక్టున్నది. దాని ల్యాబ్‌లో నేర్పేది ఇంగ్లిష్ ఉచ్చారణ, ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు, ఈమెయిల్ మర్యాదలు. ఇవి అక్కర లేదని ఎవరూ అనరు. కానీ షుగర్ గోలీ వాడే రైతుకు ఒక పూట తిండి తప్పితే ఏమైతదో చెప్పుడు కమ్యూనికేషన్ కాదా?

రోగికి దగ్గరైన 'ఫార్మసీ ప్రాక్టీస్' సబ్జెక్టు ఏడో సెమిస్టర్ దాకా రాదు. వచ్చినా అది థియరీయే, ల్యాబ్ లేదు. ముడి మందుల రసాయనం, గోలీ తయారీ, యంత్రాలతో విశ్లేషణ అంటే పరిశ్రమకు పనికొచ్చే చదువు అనుకోవచ్చు. ఇక్కడ నాలుగేండ్లలో ఎక్కువ భాగం అదే. హైదరాబాద్‌లో ఐడీపీఎల్ కాలం నుంచి పెరిగిన మందుల పరిశ్రమకు ఆ చదువు కావాలె. కాదనం. కానీ పట్టా తీసుకున్న ప్రతి పిల్లగాడూ ఫ్యాక్టరీకే పోడు గద. ప్రభుత్వ దవాఖానలకు 633 ఫార్మసిస్టు పోస్టులని 2024 సెప్టెంబర్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆ కొలువు చేసేది రోగి ముందే. ఆస్పత్రి కోసమే 2008లో ఫార్మ్‌డీ తెచ్చిన్రు గద అంటరు. అది ఆరేండ్ల చదువు. ఆరేండ్ల ఖర్చు పత్తి చేన్ల కూలికి పోయే ఇంటికి మోయతరమా?

చదువు ఇట్ల ఉన్నందుకే సర్టిఫికెట్ కిరాయికి పోతున్నది. దుకాణం గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకరిది, గల్లా ముందు కూసుండి గోలీలు ఇచ్చేది ఇంకొకరు. తప్పు కిరాయికి ఇచ్చినోనిదీ, తీసుకున్నోనిదీ. కానీ ఫార్మసిస్టు ఉంటే ఏం లాభమో జనానికి ఎన్నడన్నా కనబడ్డదా? కనబడితే జనమే అడుగుతరు, "ఫార్మసిస్టు ఏడీ?" అని.

సీట్ల కోసం మనం కొట్లాడినం. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 85 శాతం స్థానిక కోటా కోసం ఏండ్ల తరబడి అడిగినం. రాష్ట్రం వచ్చినంక కూడా పదేండ్లు ఉమ్మడి ప్రవేశాలే నడిచినయి. ఆ గడువు 2024 జూన్ 2న తీరింది. మిగిలిన 15 శాతం కూడా తెలంగాణ వాళ్లకేనని 2025లో ఉత్తర్వులొచ్చినయి. సీటు మనదైంది. మరి చదువు మనదెప్పుడైతది?

ఇంగ్లిష్‌ను తీసేయుమని అంటలేం. మందు పేరు, రసాయనం ప్రపంచమంతా ఒక్కటే. 1918లో పుట్టిన ఉస్మానియా డాక్టరీ చదువును కూడా ఉర్దూలో చెప్పింది, అందుకు అనువాద సంస్థనే పెట్టుకున్నది. ఉర్దూ అప్పుడు ఈ నేలలో ఎక్కువమంది మాట్లాడే భాష కాకున్నా ఆ పని జరిగింది. కోట్లమంది తెలుగుకు అందులో నాలుగో వంతు పని చేయలేమా?

అడగాల్సినవి ఇవి. ఫార్మసీ కౌన్సెలింగ్‌ను ఇంజినీరింగ్‌తో పాటే పెట్టాలె. రోగికి మందు వివరించే పద్ధతి మీద తెలుగులో పుస్తకం, ప్రాక్టికల్ తయారుచేసే పని కాకతీయ విశ్వవిద్యాలయం నెత్తికెత్తుకోవాలె. కౌన్సిల్ సిలబస్ మారేదాకా ఆగనక్కర లేదు, అదనంగా చెప్పొద్దని ఎవరన్నరు? ప్రతి విద్యార్థి పరకాల అసొంటి పట్నాల ప్రభుత్వ దవాఖానలో మందుల కౌంటర్ దగ్గర కొన్ని వారాలు నిలబడి పనిచేయాలె. విద్యార్థి సంఘాలు ఫీజు బకాయిల మీద కొట్లాడుతున్నయి, మంచిదే. అదే వినతిపత్రంలో ఈ మూడు మాటలు కూడా రాయున్రి. ఫార్మసిస్టు ఉద్యోగులు సంతకాలు పెట్టున్రి. కౌంటర్ అవతల నిలబడేది మన అవ్వలే, మన నాయినలే.